నర్మద పాట ఏ యాప్‌లోనూ లేదు

జూన్ 9, సోమవారం

చెప్పుల కంపెనీ వాళ్లు జనవరిలో షాపుకు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ నా భార్య నర్మద దీన్ని వేడి గిన్నెల కింద పెట్టింది. అట్ట మీద గుండ్రంగా మసి. ఇవాళ తుడిచి తీశాను. ఏడో తరగతిలో బడి వదిలేసినవాడు ఈ వయసులో రాయడానికి కూర్చుంటే ఎలా ఉంటుంది? అక్షరాలు ఒకదాని కాలు ఇంకొకటి తొక్కుతున్నాయి.

గుజరాతీ గల్లీలో ఒక స్పీకర్ డబ్బా కొన్నాను. ఫోన్లో పాట పెడితే ఇందులో మోగుతుంది. ఇక తేలాల్సింది ఒక్కటే, ఫోన్లో ఏ పాటల యాప్ పెట్టాలి అని. చాలా ఉన్నాయట. అన్నీ మొదట కొన్నాళ్లు ఉచితం. వేసుకుని రెండడుగులు నడిచి చూడమ్మా అన్నట్టు. ఆ మాట అబిడ్స్‌లో చెప్పుల షాపులో నేను రోజూ అనేదే. నడిచి చూసినవాళ్లు ఊరికే పోరని నాకు తెలుసు, అందుకే జాగ్రత్తగా ఉండాలి.

డబ్బా ఎందుకంటే ఇల్లు చప్పగా ఉంది. నర్మద బ్లౌజులు కుట్టే మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇదివరకు మిషన్ మీద కూర్చుంటే పాడేది. ఈమధ్య పాడడం లేదు. గొంతు బాగాలేదేమో.

షాపులో నాతోపాటు పనిచేసే రాజేందర్‌ను అడిగాను, ఏ యాప్ మంచిది అని.

"ఎవరికి? నీకా, వదినకా?"

"ఇంటికోసంరా."

"ఇంటికి చెవులుంటయా బాలరాజూ? ముందు వినేటోళ్లకు ఏం కావాలెనో అడుగు."

నన్ను ఏడిపించే అవకాశం వాడికి ఎప్పుడో గానీ దొరకదు. నవ్వేశాను.

జూన్ 10

నర్మద డబ్బాను చూసింది. దాని మీద దారపు రీళ్లు పెట్టుకుంది.

జూన్ 12, గురువారం

మొదటి యాప్. పేరు ఎందుకు రాయడం, నేను పెట్టిన పేరు అరుపుల యాప్. రెండు పాటలు పాడుతుంది, మూడోసారి సిమెంటు అమ్ముతుంది. మంచి పాత పాట ఒకటి సాగుతుంటే, రాగం అలా పైకి లేచిన చోట ఒకడు దూరి "మీ కలల ఇల్లు" అని అరిచాడు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, కిరాయి గదుల్లో ఉన్నవాడికి కలల ఇల్లు.

"నర్మదా, ఇల్లు కొందామా? డబ్బా అడుగుతున్నది" అన్నాను.

"బంద్ చెయ్" అంది.

బంద్ చేశాను. అయినా రెండు మాటలు మాట్లాడింది. డబ్బా పని చేస్తోంది.

జూన్ 15, ఆదివారం

కూతురు శ్రీనిధి వచ్చింది. కూకట్‌పల్లిలో ఏదో ఆఫీసులో చేస్తుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఫోన్ చేతికిచ్చి, మంచి యాప్ చూసి పెట్టు బిడ్డా అన్నాను. ఫోన్ తీసుకోలేదు.

"మమ్మీ ఎందుకు పాడుతలేదు?"

"గొంతు..."

"గొంతు మంచిగనే ఉంది డాడీ. నువ్వు చేసింది మర్చిపోయినవా?"

ఏదో హత్య చేసినట్టు. అదేమిటో ఇక్కడ రాస్తాను, ఇందులో తప్పేముందో చూసుకోవచ్చు.

నర్మద ఒక నాట్ల పాట పాడుతుంది. వాళ్లది వనపర్తి దగ్గర ఊరు, పెళ్లికి ముందు మడుల్లో పాడుకున్న పాట. విచిత్రం ఏమిటంటే ఒక ముక్క పాడి ఆగుతుంది. ఊపిరి కోసం కాదు. ఇంకో ముక్క పాడేంత సేపు ఊరికే ఉంటుంది, సూది నడుస్తూనే ఉంటుంది, తర్వాత మళ్లీ ఎత్తుకుంటుంది. ఆ ఖాళీ వింటే నాకు చేతులు దురద పెడతాయి. ఖాళీ కుర్చీలో ఎవరైనా కూర్చోబోతుంటే లాగేయాలనిపిస్తుంది కదా, అలా.

మే నెలలో ఒకరోజు తలుపు వెనక నిలబడి ఆమెకు తెలియకుండా, అడిగి తెచ్చుకున్న రాజేందర్ ఫోన్లో రికార్డు చేశాను. షాపు గోడౌన్లో, చెప్పుల పెట్టెల మధ్య, ఆ ఫోన్లో పాట పెట్టి, నా ఫోన్లో రికార్డు నొక్కి, ఖాళీ వచ్చినప్పుడల్లా మేకలా అరిచాను. మేకలా అరవడంలో నన్ను మించినవాడు అబిడ్స్‌లో లేడు. ఆ ఖాళీలో మేక ఎంత సరిగ్గా పట్టిందంటే, కొలిచి కుట్టినట్టే.

తమ్ముడు శ్యామ్‌సుందర్ పెళ్లిరోజు భోజనాలకు బంధువులంతా కూర్చున్నప్పుడు టీవీలో పెట్టాను. కింద పడి నవ్వారు. మా మరదలికి పొలమారింది. కుటుంబం గ్రూపులో పెట్టమని అందరూ అడిగితే అక్కడే పెట్టాను. నర్మద కూడా నవ్వింది. నేను చూశాను.

ఇదే జరిగింది. ఇంకేం లేదు.

శ్రీనిధి అన్నం తిని వెళ్లిపోయింది. యాప్ సంగతి చెప్పలేదు.

జూన్ 18, బుధవారం

రెండో యాప్. ఇది అత్తగారు. నువ్వు ఏం వినాలో అదే చెబుతుంది. ఉదయం లేవగానే "మీ కోసం" అని ఒక వరస, సాయంత్రం "మీ మనసుకు" అని ఇంకో వరస. నా మనసు దీనికి ఎవరు చెప్పారో.

ఇందులో ఒక గమ్మత్తు ఉంది. పాట పేరు తెలియకపోతే రాగం తీస్తే చాలు, కనిపెడుతుందట. షాపులో బేరం లేని వేళ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని నర్మద పాట తీశాను.

"నారేమో పచ్చగున్నది అక్కా, నడుమేమో ఇరిగిపాయె."

ఆగాను. ఫోన్ కూడా ఆగింది. తర్వాత ఒక హిందీ కసరత్తు పాట చూపించింది. మళ్లీ తీశాను. ఒక పంజాబీ పెళ్లి పాట. మూడోసారి కొంచెం గట్టిగా తీశాను. "మళ్లీ ప్రయత్నించండి" అంది.

లోపలి నుంచి మా ఓనర్ జగన్మోహనరావు సార్ బయటికి వచ్చాడు.

"బాలరాజూ, చెప్పులమ్ముతున్నవా, కచేరీ పెట్టినవా?"

"టికెట్ లేదు సార్, కూసోండి."

ఆయన నవ్వలేదు. రాజేందర్ కూడా నవ్వలేదు. "గా పాట ఏ యాప్‌ల దొరకది బాలరాజూ" అన్నాడు మెల్లగా, ఎవరికో చెప్పు తొడుగుతూ, నా వైపు చూడకుండా.

అది వెతకడానికే నేను యాప్ పెట్టానని వాడితో ఎవరన్నారు? ఊరికే పరీక్ష చేశాను. యాప్ తెలివి ఎంతో చూద్దామని.

జూన్ 21, శనివారం

ఇల్లు మరీ బిగుసుకుపోయింది, కొంచెం వదులు చేద్దామని పాత ఆట ఒకటి ఆడాను. నర్మద చెప్పుల్లో కుడికాలిది తీసేసి, అదే డిజైన్, అదే సైజులో ఎడమకాలిది షాపు నుంచి తెచ్చి పెట్టాను. రెండూ ఎడమవే. ఇదివరకు రెండుసార్లు చేశాను. తొడుక్కుంటుంది, రెండడుగులు వేస్తుంది, "ఓ నీ పాసుగాల" అని చెప్పు విసురుతుంది, నేను పరిగెత్తుతాను. గల్లీ అంతా నవ్వుతారు.

తలుపు పక్కన నిలబడ్డాను. సంచి పట్టుకుని వచ్చింది. కాళ్లు పెట్టింది. కిందికి చూసింది. నన్ను చూసింది.

ఆ రెండు ఎడమ చెప్పులతోనే మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్లింది. పళ్లు కొనుక్కుని, నడిచే తిరిగి వచ్చింది. గడప దగ్గర విప్పి, రెంటినీ పక్కపక్కన సరిగ్గా పెట్టింది. కుడి బొటనవేలి పక్కన బొబ్బ లేచి పగిలింది.

పళ్లు కోసి నా ముందు పెట్టింది. తిన్నాను.

జూన్ 22

కుడి చెప్పు మళ్లీ పెట్టేశాను.

జూన్ 25, బుధవారం

మూడో యాప్. దీనికి ఇంకా పేరు పెట్టలేదు. ఇందులో జానపదం అని వేరే అర ఉంది. నాట్ల పాటలు అని కొడితే వరసగా వచ్చాయి. మంచిగా వేణువు, వెనక నీళ్ల చప్పుడు, ఆడవాళ్లు గుంపుగా. నర్మద కాజాలు కుడుతోంది. నేను ఏమీ తెలియనట్టు గోడకు ఆనుకుని పెట్టాను.

ఆమె చేతిలో సూది ఆగింది. నేను చూశాను. ఇది నేను కళ్లారా చూసినదే. తల కొంచెం డబ్బా వైపు వంచి వింది.

"వీళ్లు నీళ్లల్ల దిగలే" అంది.

"అంటే?"

"నీళ్లల్ల నిలవడి వంగి పాడితే గొంతు గట్ల రాదు."

"నువ్వు పాడి చూపియ్యరాదే మరి" అన్నాను. వేళాకోళంగా కాదు. నిజంగా వేళాకోళంగా కాదు.

దారం కొరికింది. కాజా చుట్టూ సూది మళ్లీ తిరిగింది. అంతే.

అయినా ఇన్ని మాటలు ఒక్కరోజులో అనలేదు ఈమధ్య. ఈ యాపే ఉంచుతానేమో.

జులై 5, శనివారం

రాజేందర్ ఇవాళ ఇరానీ చాయ్ తాగుతూ మొదలుపెట్టాడు.

"వదినకు మాఫ్ చెయ్ అని ఒక్కమాట చెప్తే ఏం పోతది నీకు?"

"దేనికి మాఫ్? ఆమె గూడ నవ్వింది."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"నేను గూడ ఉన్న గదా ఆడ. భోజనానికి నన్ను గూడ పిలిచిన్రు, యాదుందా? వదిన కొంగు నోట్ల కుక్కుకున్నది బాలరాజూ. నవ్వేటోళ్లు గట్ల కుక్కుకోరు."

"నవ్వు ఆపుకునెటోళ్లు కుక్కుకుంటరు."

"సరే. నీకే ఎర్క."

చాయ్‌కి వాడే ఇచ్చాడు. నేను ఇస్తానన్నా వినలేదు. కొంగు కుక్కుకున్నది నవ్వు ఆపుకోవడానికే. నర్మద పది మందిలో పళ్లు కనబడేలా నవ్వే మనిషి కాదు, వాడికేం తెలుసు.

జులై 6

ఆమె కూడా నవ్వింది.

జులై 20, ఆదివారం

బోనాలు. పొద్దున్నుంచి గల్లీలో డప్పులు. షాపుకు సెలవు. ఇంటి ఓనర్ జయమ్మ పైనుంచి కిందికి వచ్చి మా గుమ్మంలో కూర్చుంది, నర్మదతో కలిసి పూలు గుచ్చుతోంది. ఇంటికి కళ వచ్చిందని నాకూ హుషారు పుట్టింది. డబ్బా ఆన్ చేశాను. మూడో యాప్ తనంతట తనే "మీ దగ్గర్లో మోగుతున్నవి" అని ఒక వరస తయారు చేసి పెట్టింది. నొక్కాను.

రెండు పాటలు బాగున్నాయి. జయమ్మ తల ఊపింది. మూడోది డీజే. ముందు తీన్‌మార్ దరువు, అది లేచి లేచి ఒక్కసారి ఆగింది. ఆ ఆగిన చోట నర్మద గొంతు.

"నారేమో పచ్చగున్నది అక్కా, నడుమేమో ఇరిగిపాయె."

తర్వాత మేక. నా మేక. మేకను కోసి ముక్కలు చేసి దరువు మీద చల్లారు. మే, మే, మేమేమే. మళ్లీ నర్మద. మళ్లీ మేక.

జయమ్మ కూర్చున్న చోటే భుజాలు ఊపింది. "ఓయమ్మ, గీ మేక పాటనా! మొన్న మా చెల్లెలోళ్ల గల్లీల ఇదే పెట్టి పోరగాండ్లు చిందులే చిందులు. మస్తుంటది!" పాడుతున్నది పక్కన కూర్చుని పూలు గుచ్చుతున్న మనిషేనని ఆమెకు తెలియదు.

నేను ఫోన్ కోసం లేచాను. నర్మద చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనియ్" అంది. చివరిదాకా వింది. దరువంతా అయ్యేదాకా, ఆఖరి మేక అరిచేదాకా. జయమ్మ ఇంకోసారి పెట్టమంది, తర్వాత పైన పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చి వెళ్లిపోయింది.

"ఎవరు చేసిన్రు?" అంది నర్మద.

"నాకెట్ల తెల్సు. గ్రూపులకెంచి ఎవడో..."

"గా ఖాళీల ఏముంటదో ఎర్కేనా నీకు?"

"ఏముంటది?"

"మా అక్క."

"జమునక్క పోయి రెండేళ్లాయె గదనే."

"పోయినంక గూడ గాడనే ఉండె. నేను ఎత్తుకుంటే అందుకునేది. నా మిషన్ చప్పుట్ల నాకు ఇనొస్తుండె. నువ్వు మేకను తెచ్చి కట్టేసినవ్."

గుచ్చిన పూలు తీసుకుని బోనానికి చుట్టింది. గట్టిగా ఏడ్చినా బాగుండేది. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఒకటి అనేవాణ్ణి, ఆమె ఇంకొకటి అనేది. అలా అయ్యేది మాకు.

జమునక్క మంచి మనిషి. దవాఖానలో ఉన్నప్పుడు కూడా నా మాటలకు నవ్వింది. పాట ఒకరు ఎత్తుకుంటారని, ఇంకొకరు అందుకుంటారని నాకు తెలియదా? తెలుసు. మా ఊళ్లోనూ పాడతారు. కానీ ఇంట్లో మిషన్ మీద కూర్చుని పాడితే అది గుర్తుకు రాదు.

ఆ అందుకునే ముక్క ఏమిటో నేను ఎప్పుడూ అడగలేదు. ఇవాళ కూడా అడగలేదు. ఇవాళ అడిగే రోజు కాదు.

జులై 21, సోమవారం

యాప్‌లో ఆ పాట తెరిచి చూశాను. కింద సన్నటి అక్షరాల్లో పేర్లు ఉన్నాయి. మిక్స్: డీజే వెంకీ. వెంకీ మా శ్యామ్‌సుందర్ కొడుకే. గానం: బాలరాజు.

గానం, బాలరాజు.

ఫోన్ చేశాను.

"ఏందిరా వెంకీ గిది?"

"పెద్దనాన్నా! ఇన్నవా? మస్తు పోతుంది. అఫ్జల్‌గంజ్ దాకా మనదే మోగుతుంది ఈ బోనాలకు."

"ఎవర్ని అడిగి పెట్టినవ్?"

"నువ్వే గ్రూపుల పెట్టినవ్ గదా."

"పెద్దమ్మ పేరేది?"

"మేకతోటే గదా పెద్దనాన్నా పాట నడిచేది. అందుకే నీ పేరేసిన. కోపానికొచ్చినవా?"

తీసెయ్యమన్నాను. తీసేస్తాను గానీ లాభం లేదన్నాడు, అప్పటికే ఎవరెవరో దింపుకుని వాళ్ల పేర్లతో పెట్టేసుకున్నారట. సాయంత్రం చూస్తే వాడిది పోయింది. అదే పాట ఇంకో రెండు పేర్లతో ఉంది. వాటిలో మేక గొంతు ఇంకా పెంచారు.

నర్మదకు చెప్పాను, వెంకీతో తీయించేశాను అని. మిగతా రెండింటి సంగతి చెప్పలేదు.

"మంచిది" అంది.

జులై 23, బుధవారం

నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ట్రాలీ ఆటో. ఆటో అతను, ఇంకో మనిషి కలిసి మిషన్ ఎత్తుతున్నారు. నర్మద ఒక చేత్తో చక్రం తిరగకుండా పట్టుకుని వెనకే నడుస్తోంది.

"రిపేరుకా?"

"సుల్తాన్ బజార్ల శ్రీవిద్య మేడం లేదా, నాకు బ్లౌజులిస్తది చూడు. షాపు మీద రూం తీసుకున్నది. నలుగురైదుగురు కూసొని కుడ్తున్నరు. నన్ను గూడ రమ్మన్నది."

"ఇంట్లనే కుట్టుకుంటుంటివి గదా. ఇంట్ల ఏమైంది?"

"ఇంట్ల ఏం గాలే."

"అయితే ఎందుకు మరి?"

"ఆడ వెలుతురు మంచిగుంటది" అంది.

ఆటో వాడితో, బ్రేకు సరిగ్గా కొట్టు అన్నా, మా ఇంటి ఇంజన్ పోతోంది, అన్నాను. వాడు నవ్వాడు. ఎవడో ఒకడు నవ్వాడు.

మిషన్ ఉన్న చోట నేల మీద నాలుగు గుంటలు. తుడిచాను. పోలేదు.

జులై 24

డబ్బాలో ఏమీ పెట్టలేదు.

జులై 29, మంగళవారం

నర్మద పొద్దున వంట చేసి వెళ్లిపోతుంది, చీకటి పడే ముందు వస్తుంది. అడిగితే జవాబు చెబుతుంది. ఉప్పు సరిపోయిందా అని తనే అడుగుతుంది కూడా. కోపం ఏమీ లేదు. కోపం ఉంటే తెలుస్తుంది కదా, మనిషిని ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

మూడు యాప్‌లకూ ఉచిత గడువు అయిపోయింది. డబ్బు కడితేనే పాడతామంటున్నాయి. ఏదో ఒకటి తేల్చాలి.

ఆగస్టు 6, బుధవారం

నర్మద కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయింది. సూదిలో దారం ఎక్కించాలంటే కష్టం. అందుకని సార్‌ను అడిగి మధ్యాహ్నం సుల్తాన్ బజార్ వెళ్లాను.

చీరల షాపు పక్కన సన్నటి మెట్లు. సగం మెట్లెక్కేసరికి మిషన్ల చప్పుడు. ఇంకో మలుపు తిరిగేసరికి పాట.

నర్మదే. "నారేమో పచ్చగున్నది అక్కా, నడుమేమో ఇరిగిపాయె."

నేను మెట్టు మీదే ఆగిపోయాను. ఖాళీ రావాలి. రాలేదు. నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక్కసారే అందుకున్నారు.

"ఇంకొక్క మడి చెల్లే, ఇంకొక్క మడి. ఒడ్డు మీద నీడున్నది, ఇంకొక్క మడి."

అందులో ఒకామెది ఉర్దూ యాస. మడి అనడానికి కొంచెం తడబడుతోంది. ఇంకొకామె శ్రుతి మించిపోతోంది. నర్మద ఆగలేదు. వాళ్ల ముక్క అయ్యీ అవ్వకముందే తన ముక్క ఎత్తుకుంది. ఈసారి గొంతు ఇంకా పైకి. ఇంట్లో ఆమె అలా పాడగా నేను ఎప్పుడూ వినలేదు. వెనక మనుషులు ఉన్నారన్న ధైర్యంతో పాడే గొంతు అది.

ఇన్నేళ్లూ నేను విన్నది నడుము విరిగిందన్న ముక్క ఒక్కటే. ఓదార్చే ముక్క ఉందనే తెలియదు నాకు. అడిగి ఉంటే చెప్పేది. అడగడానికి ఎంతసేపు పడుతుంది?

కింది నుంచి బట్టల మూట మోసుకుంటూ ఒకాయన వచ్చాడు. "భయ్యా, జర జరుగు." జరగడానికి చోటు లేదు, పైకే పోవాలి. పోయాను.

గుమ్మంలో నన్ను చూసి అందరికన్నా దగ్గర కూర్చున్నామె, "ఎవరు గావాలె?" అంది. పాట ఆగింది.

"మా ఆయన" అంది నర్మద.

అందరూ మంచివాళ్లు. ఒకామె స్టూలు జరిపింది, ఒకామె నీళ్లిచ్చింది. శ్రీవిద్య మేడం చాయ్ చెప్పింది. కళ్లద్దాలు ఇచ్చాను. నర్మద పెట్టుకుని, "మంచిగాయె" అంది.

"పాడుతున్నరు గదా, ఆపిన్రేంది? నేనేమన్న పోలీసునా?" అన్నాను.

నవ్వారు, మర్యాదగా. ఉర్దూ యాస ఆమె నర్మద వైపు చూసింది. నర్మద గుడ్డ మడత సరిచేసుకుని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ మొదలుపెట్టారు. అన్ని మిషన్ల చప్పుడు మధ్య కూర్చుని చాయ్ అంతా తాగాను. నిదానంగా తాగాను. చివరి చుక్క చల్లారేదాకా తాగాను. పాట ఎవరూ ఎత్తుకోలేదు.

"పోయొస్త మరి" అన్నాను.

"పైలం" అంది నర్మద.

మెట్లు దిగి బజార్లోకి వచ్చి, చీరల షాపు ముందు నిలబడ్డాను. ఆటోల హారన్లు, బేరాల కేకలు. వాటి మధ్య నుంచి కొంచెం సేపటికి, పై కిటికీలోంచి, పాట.

ఆగస్టు 8, శుక్రవారం

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నర్మద మెంతికూర వలుస్తోంది. నేను ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"నర్మదా, యాప్ ఒకటి ఖాయం చెయ్యాలె. ఏది ఉంచుదాం?"

"నీకు నచ్చింది ఉంచుకో."

"నీకు ఏది నచ్చింది?"

"నాకెందుకు? నేను ఆడ పాడుకోనే వస్తున్న."

చాలా మామూలుగా అంది. మెంతికూర మంచిగా దొరికిందని చెప్పినట్టు.

"ఇంట్ల గూడ పాడొచ్చు గదనే" అన్నాను. "నేను ఏం చెయ్య. ఒట్టు. బయటికి పొమ్మంటే పోత."

తలెత్తి చూసింది. కోపం లేదు, నేను వెతికాను, లేదు. అలసిపోయిన మనిషి తన వస్తువు ఎక్కడ పెట్టిందో గుర్తు చేసుకుంటున్నట్టు చూసింది.

"వస్తలేదయ్యా ఈడ" అంది. "నేను అక్కను రమ్మన్న. వస్తలేదు."

వలిచిన ఆకులు కడగడానికి లేచింది.

నేను కూర్చునే ఉన్నాను. మూడో యాప్ తెరిచాను, డబ్బు కట్టే చోట నొక్కాను. అది ఒక ప్రశ్న అడిగింది. ఎవరి కోసం తీసుకుంటున్నారు? కింద మూడు గడులు. ఒక్కరికి. ఇద్దరికి. కుటుంబానికి. ఇద్దరికి అన్నదాని కింద, ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు అని రాసి ఉంది.

ఒకే ఇంట్లోనే ఉన్నాం. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, గాజుల చప్పుడు వినిపిస్తోంది.

"అయిందా?" అంది లోపలి నుంచి.

"అయితున్నది."

ఒక్కరికి నొక్కాను.